బోరు ఎవరిదైనా నీరు ఊరందరిదీ

మెట్టలో చైత్రం వచ్చిందంటే ఉగాది పచ్చడి కన్నా ముందు రిగ్గు లారీ వస్తుంది. చీకటి పడ్డాక మొదలుపెడితే తెల్లవార్లూ ఊరంతా ఆ మోతే. పొద్దున లేచేసరికి చేలో తెల్లటి రాతిపొడి కుప్పలు. పొడి తడిసి బురదగా వస్తే ఆ ఇంటిల్లిపాదికీ పండుగ. పొడిగానే వస్తే ఆ రైతు నాలుగు రోజులపాటు రావిచెట్టు అరుగు వైపు రాడు.

మొన్న వేసవిలో మా ఊళ్ళో ఒకే గట్టుకు అటూ ఇటూ వున్న ఇద్దరు రైతులు వారం తేడాలో చెరొక బోరు వేయించారు. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. ఒకరు 380 అడుగులు వేస్తే రెండోవారు 450కి దించారు. లోతు బోరు ఆడటం మొదలైన పది రోజులకే మొదటి బోరులో రెండంగుళాల నీరు అంగుళానికి పడిపోయింది. ఇప్పుడా రెండు ఇళ్ళకూ మాటల్లేవు. పెళ్ళి పిలుపులు కూడా ఆగిపోయాయి. తప్పు ఎవరిదని నన్నడిగితే ఇద్దరిదీ కాదంటాను. ఊరిదంటాను. కింద నీరు ఎంత వుందో, ఎన్ని బోర్లు వేస్తే ఆగుతుందో ఊరు ఏనాడూ కూర్చుని మాట్లాడుకోలేదు.

ఈ మాట నేను గట్టు మీద నిలబడి చెప్పడం లేదు. మా నాన్న తవ్వించిన నుయ్యి 40 అడుగులు. చిన్నప్పుడు అందులో ఈత కొట్టాను. ఇప్పుడు ఆ నూతిలో వేపచెట్టు మొలిచి, కొమ్మలు పైకి వచ్చాయి. నూతి తరువాత మూడు బోర్లు వేశాం. మొదటిది ఎండింది, రెండోది పడనే లేదు, మూడోది ఇప్పటికి నడుస్తున్నది. మూడో బోరుకూ దాని మోటారుకూ కలిపి మా అమ్మ మెళ్ళోని నానుతాడు బ్యాంకుకు పోయింది. ఇంకా అక్కడే వుంది. రెండో బోరుకు ముందు చోటు చూసిన పెద్దాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. కాయ నిలబడింది. నీరు మాత్రం పడలేదు. ఆయన కూలీ ఆయనకు ముట్టింది.

వాన తక్కువా?

మెట్ట రైతు నోట ఎప్పుడూ వినిపించే మాట “వానలు లేవండీ” అని. ఒకటి రెండు ఏళ్ళు అది నిజమే కావచ్చు. కాని సగటున మన ప్రాంతంలో ఏడాదికి 40 అంగుళాలకు తగ్గకుండా కురుస్తుంది. అనంతపురంలో అందులో సగం కన్నా కొంచెం ఎక్కువ, 22 అంగుళాల వరకు. రాజస్థాన్ ఎడారిలో జైసల్మేరు వుంది చూడండి, అక్కడ 8 అంగుళాలు కురిస్తే గొప్ప. అక్కడి వాళ్ళు ఇంటి ముందు నేలలో తొట్టి కట్టుకుని, చుట్టూ నేలను వాలుగా చదును చేసి, పడ్డ ప్రతి చినుకునూ అందులోకి మళ్ళించుకుంటారు. టాంకా అంటారు దాన్ని. చాలామంది దానికి మూతపెట్టి తాళం కూడా వేస్తారు. మనం బీరువాకు వేసే తాళం వాళ్ళు నీటికి వేస్తారన్నమాట.

ఒక చిన్న లెక్క చెబుతాను. ఎకరం నేల మీద ఒక అంగుళం వాన పడితే అది లక్ష లీటర్ల పైమాటే. 40 అంగుళాలంటే ఎకరానికి 40 లక్షల లీటర్లు. ఇందులో నేలలోకి లోతుగా ఇంకి మన బోర్లకు అందేది సుమారు పదో వంతు. నేలను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. అంటే ఎకరానికి 4 లక్షల లీటర్లు. మిగిలినదాంట్లో కొంత ఎండకు ఆవిరైపోతుంది, కొంత చెట్టూ చేమా తాగుతాయి, కొంత వాగులో పడి పోతుంది.

ఆ పోయేది ఎటు పోతున్నదో ఏలూరు వాళ్ళకు బాగా తెలుసు. చింతలపూడి ఎగువన కురిసిన వాన తమ్మిలేరులో దిగి ఏలూరు మీదుగా కొల్లేరుకు చేరుతుంది. 2020 అక్టోబరులో ఆ తమ్మిలేరే ఏలూరు కాలనీల్లోకి వచ్చింది. ఎర్రకాలువ పొంగితే తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు చేలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేరులోకి దిగితే లంక గ్రామాలు ఎన్ని రోజులు నీళ్ళలో వున్నాయో అందరం చూశాం. ఆశ్వయుజంలో మనల్ని ముంచిన నీటినే మళ్ళీ చైత్రంలో 450 అడుగుల లోతున వెతుక్కుంటున్నాం. కొల్లేరు లంకల సంగతి ఇంకా విచిత్రం. చుట్టూ నీరే, తాగటానికి మాత్రం డబ్బా నీళ్ళు.

నిజానికి మన మెట్టకు దేవుడు అన్యాయం చేయలేదు. అనంతపురం రైతు కాళ్ళ కింద వున్నది గట్టి నల్లరాయి. దాని పగుళ్ళలో వున్న నీరే అతనికి గతి. మన కింద చాలాచోట్ల వున్నది ఇసుకరాయి. తిరుపతి ఇసుకరాయి, గొల్లపల్లి ఇసుకరాయి, రాజమండ్రి ఇసుకరాయి అని భూగర్భ శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. పైన ఎర్రగరప నేల, కింద నీటిని పీల్చుకుని దాచుకునే రాయి. ఇంతకన్నా మంచి గాదె ఎక్కడ దొరుకుతుంది? గాదె వుంది కదా అని అందరూ తలొక కన్నం పెట్టుకున్నారు, అదీ వచ్చిన చిక్కు.

భూమి కింది కాలువకు లస్కరు లేడు

డెల్టాలో మా చుట్టాలున్నారు. దాళ్వాకు గోదావరిలో నీరు తక్కువైతే అక్కడ ఏం జరుగుతుందో వాళ్ళు చెబుతుంటారు. వంతులు వేస్తారు. ఈ వారం ఈ కాలువకు, వచ్చే వారం ఆ కాలువకు. లాకుల దగ్గర లస్కరు వుంటాడు, నీటి సంఘం వుంటుంది. 1997లో ఆ సంఘాలకు చట్టం కూడా వచ్చింది. ఇంజనీరు గారిని నిలదీయవచ్చు, ఎగువ ఊరివాడు తూము పగలగొడితే పోయి కొట్లాడవచ్చు. దాళ్వాకు ఎన్ని ఎకరాలకు నీరివ్వాలో ముందుగానే నిర్ణయిస్తారు. అప్పుడప్పుడూ గొడవలైనా సరే, అది అందరి కాలువ అన్న సంగతి ఎవరూ కాదనరు.

మెట్టలోనూ కాలువ వుంది. భూమి కింద వుంది. దానికి లస్కరు లేడు, లాకు లేదు, వంతు లేదు. ఎవరి దగ్గర ఎక్కువ పొడవు పైపు వుంటే వారిదే నీరు.

చట్టం లేదా అంటే వుంది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకని వాల్టా చట్టం చేశారు. కొత్త బోరుకు అనుమతి కావాలి. రిగ్గుకు రిజిస్ట్రేషన్ కావాలి. ఊరి మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపు ఎవరూ బోరు వేయరాదు. అంతా చక్కగా రాసి వుంది. రిగ్గు లారీ రాత్రిపూటే ఎందుకు వస్తుందో ఇక వేరే చెప్పనక్కరలేదు. అధికారులను మాత్రం అనడం ఎందుకు? రిగ్గుకు దారి చూపేదీ మనమే, ఆ రాత్రి కాఫీ కాచి ఇచ్చేదీ మనమే.

దీనివల్ల ముందుగా నష్టపోయేవాడు రైతు కూడా కాదు. మా కాలనీకి నీళ్ళెక్కించే మంచినీటి బోరు చుట్టూ తోటల బోర్లు వచ్చాయి. వేసవి నడిమధ్యలో ట్యాంకు సగం కూడా నిండదు. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు తోటల్లోకి పోతారు. మంచి రైతైతే పట్టుకోమంటాడు, కాకపోతే కుక్కను వదులుతాడు. సెంటు భూమి లేనివాళ్ళు, ఒక్క బోరూ వేయనివాళ్ళు, రోజు కూలీలోంచి తీసి డబ్బా నీళ్ళు కొంటున్నారు. బోర్ల సంగతి వచ్చినప్పుడు వాళ్ళనెవరూ అడగరు.

పామాయిల్ లెక్క

ఇప్పుడు చెప్పబోయే మాటకు నా మీద కోపాలు రావచ్చు. కాబట్టి నాకూ రెండెకరాల పామాయిల్ తోట వుందని ముందే చెబుతున్నాను. ఆ పంట మెట్టకు మేలు చేసింది. పొగాకు వేలంలో ధర పడిపోయి బేలు వెనక్కి తెచ్చుకున్న ఇళ్ళు నెలనెలా గెలల డబ్బు చూశాయి. పెదవేగిలో 1995 నుంచి కేంద్ర ప్రభుత్వపు పరిశోధన సంస్థ కూడా వుంది. ముదురు చెట్టుకు వేసవిలో రోజుకు 200 నుంచి 250 లీటర్ల నీరు కావాలని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎకరానికి 57 చెట్లు. తక్కువలో తక్కువ 200 లీటర్లు వేసుకున్నా రోజుకు 11,400 లీటర్లు. మాఘం నుంచి జ్యేష్ఠం వచ్చేదాకా 120 రోజులకు 13 లక్షల 68 వేల లీటర్లు. ఒక ఎకరంలో ఇంకేది 4 లక్షలని పైన చెప్పుకున్నాం. అంటే ఒక ఎకరం తోట వేసవిలో మూడెకరాల పైచిలుకు నేలలో ఇంకిన నీటిని తాగుతుంది. మిగిలిన రెండెకరాల నీరు ఎవరిది? పక్కవాడిది. లేకపోతే వచ్చే ఏటిది.

రబీ మొక్కజొన్న ఎకరానికి అంతకన్నా ఎక్కువే తాగుతుంది, బోరు కింద వరి సంగతి చెప్పనే అక్కరలేదు. కాబట్టి పామాయిల్ ఒక్కటే దోషి అనను. తేడా ఒకటుంది. వాన తక్కువైన ఏడు మొక్కజొన్న మానేసి మినుమో, పెసరో వేసి సరిపెట్టుకోవచ్చు. పామాయిల్ తోటను ఈ ఏటికి ఆగమనలేం. పాతిక ముప్పయ్యేళ్ళు ప్రతి వేసవిలోనూ దాని నీరు దానికి పోయాల్సిందే. ఊళ్ళో సగం భూమి అలాంటి పంటకు రాసిచ్చాక కరువు ఏడు వస్తే తగ్గించుకునే చోటు ఎక్కడుంటుంది? అందుకే తోటలు వద్దని కాదు, ఎన్ని ఎకరాల దాకా తోటలు, ఎన్ని ఎకరాలు వానను బట్టి మార్చుకునే పంటలు అన్నది ఊరు తేల్చుకోవాలని నా మనవి.

డ్రిప్పు పెట్టుకున్నాం కదా అంటారు. మంచిదే. 2003లో సూక్ష్మసేద్యం పథకం మన రాష్ట్రంలో వచ్చినప్పటి నుంచి సబ్సిడీ పైపులు చాలా ఊళ్ళకు చేరాయి. కాని డ్రిప్పుతో మిగిలిన నీటిని భూమిలో ఉంచినవాడిని నేనింతవరకు చూడలేదు. మిగిలింది కదా అని ఇంకో ఎకరం వేసినవాళ్ళనే చూశాను, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. అది రైతును నిలబెట్టింది, దాన్ని తీసేయాలని నేననను. కాని మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు బిగించి ఇంట్లో పడుకోవడం మాత్రం ఏం న్యాయం? కరెంటు వున్నంతసేపూ బోరు పోస్తూనే వుంటుంది. తడిసిన పాదే మళ్ళీ తడుస్తుంది.

చెరువు కథ అందరికీ తెలిసిందే. 2000లో నీరు–మీరు వచ్చింది, తరువాత నీరు–చెట్టు వచ్చింది, ఉపాధి హామీలో ఇంకుడు గుంటలు, ఫారంపాండ్లు తవ్వారు. తవ్వినవి కొన్ని బాగానే పనిచేస్తున్నాయి. మా చెరువులో పూడిక తీశారు, మట్టి ఇళ్ళస్థలాల మెరకకు పోయింది. కళింగకు సిమెంటు పూశారు. చెరువులోకి నీరు తెచ్చే వాగు మాత్రం మధ్యలో ఎవరిదో చేను దున్నకంలో కలిసిపోయింది. నోరు కుట్టేసి పొట్ట పెంచితే లాభమేముంది? ఆ వాగు గట్టున వున్న నలుగురు రైతులను ఒప్పించగలిగితే పైసా ఖర్చు లేకుండా చెరువు నిండుతుంది. ఆ నలుగురిలో ఇద్దరు నాకు వరసకు మామయ్యలు. వాళ్ళతో మాట్లాడటం ప్రభుత్వంతో మాట్లాడటం కన్నా కష్టంగా వుంది.

నీటిని నిలిపినవాళ్ళు ఇంకెక్కడా లేరా అంటే వున్నారు. రాజస్థాన్‌లో అల్వారు జిల్లాకు 1985లో రాజేంద్రసింగ్ అనే ఆయుర్వేదం చదివిన యువకుడు వైద్యం చేద్దామని వెళ్ళాడు. ఊరి పెద్దలు మందులు కాదు, నీళ్ళు కావాలన్నారు. వాళ్ళ తాతల నాటి మట్టికట్టల కుంటలను, వాళ్ళు జొహడ్ అంటారు, ఊరివాళ్ళతో కలిసి తవ్వడం మొదలుపెట్టాడు. ఒక ఊరు చూసి ఇంకో ఊరు. కొన్నేళ్ళకు బావులు నిండాయి. ఎండిపోయిన అర్వారి నది మళ్ళీ పారింది. మన మెట్ట రైతు గమనించవలసింది ఆ తరువాత జరిగినదాన్ని. నీరు వచ్చాక వాళ్ళు ఊరుకోలేదు. 1999 నాటికి నది పొడవునా వున్న 70 ఊళ్ళ వాళ్ళు కలిసి ఒక సభ పెట్టుకున్నారు. చెరకు లాంటి పంటలు వేయరాదని కట్టుబాటు చేసుకున్నారు. నీళ్ళు రావడమే చాలదని, వచ్చిన నీళ్ళను తామే తోడేయగలమని వాళ్ళకు తెలుసు. రాజేంద్రసింగ్‌కు 2001లో మెగసెసె అవార్డు వచ్చింది.

మహారాష్ట్రలో హివ్రే బజార్ అనే ఊరు ఇంకా గట్టిది. 1990 ప్రాంతంలో పోపట్‌రావు పవార్ సర్పంచయ్యాక ఊరు కూర్చుని, సాగుకు బోరు వేయరాదు, చెరకు, అరటి వేయరాదు అని నిర్ణయించుకుంది. ఏటా వానలు వెళ్ళాక ఎంత కురిసిందో లెక్కవేసి, మనుషులకూ పశువులకూ తాగునీరు తీసి పక్కన పెట్టి, మిగిలినదానికి తగ్గట్టు పంటలు ఎంచుకుంటారు. అక్కడ కురిసే వాన మనదాంట్లో సగం కూడా వుండదు.

అంత దూరం పోనక్కరలేదు. మన అనంతపురం, కర్నూలు, ప్రకాశం లాంటి జిల్లాల్లో 2003 నుంచి కొన్నేళ్ళపాటు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఒక పథకం నడిచింది. రైతులే వానమాపకం చూసి రాశారు, రైతులే బావుల్లో తాడు దించి నీటిమట్టం కొలిచారు, చదువు రానివాళ్ళకు అర్థమయ్యేలా గోడ మీద బొమ్మలు గీశారు. ఎవరినీ ఏ పంటా మానమని బలవంతం చేయలేదు. లెక్క కళ్ళ ముందు కనిపించేసరికి చాలామంది వరి తగ్గించుకున్నారు. అనంతపురం జిల్లాలోనే కొన్ని ఊళ్ళలో బోరున్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒప్పందం చేసుకుని, కొత్త బోర్లు వేయకుండా వున్న బోర్లకే పైపులు కలిపి పక్కవాడి పంట ఎండకుండా ఒకటి రెండు తడులు ఇస్తున్నారు. ఆ గట్టుకు అటూ ఇటూ వున్న మా ఊరి అన్నదమ్ములకు 800 అడుగుల పైచిలుకు తవ్వకం ఖర్చు బదులు రెండు వందల గజాల పైపుతో సరిపోయి వుండేది.

“పోలవరం వస్తుంది, చింతలపూడి ఎత్తిపోతల పూర్తవుతుంది, అప్పుడు ఈ బాధ వుండదు” అనేవాళ్ళున్నారు. చింతలపూడి పథకం 2008 నుంచి వింటున్నాం. రావాలి, గట్టిగా అడగాలి కూడా. వచ్చినా కాలువ అందే ఊళ్ళు కొన్ని, అందని మెరక ఊళ్ళు కొన్ని వుంటాయి. కాలువ అందిన ఊళ్ళో కూడా వేసవికి మళ్ళీ బోరే గతి.

ఇంకొకాయన అడిగాడు, మెట్టలో నీరంతా ఆపేస్తే కొల్లేరు గతేమిటని. సబబైన ప్రశ్నే. మనం ఆపమంటున్నది మూడు రోజుల్లో ఊళ్ళు ముంచి పోయే వరదను. ఇంకిన నీరు వాగుల్లో నెమ్మదిగా ఊరుతూ దిగితే కొల్లేరుకు కూడా మంచిదే. వేసవిలో పైనుంచి మంచినీరు రాక ఆగిపోయినప్పుడే కదా ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నేది.

వచ్చే అక్టోబరు 2న గ్రామసభ వుంటుంది. రబీ విత్తనాలకు ముందు కాబట్టి పంటల మాట మాట్లాడుకోవడానికి అదే సమయం. మామూలుగా ఆ సభ పావుగంటలో సంతకాలతో ముగుస్తుంది. ఈసారి మాత్రం మూడు సంగతులు అడగాలని మేం కొందరం అనుకున్నాం. ఊరి బోర్ల లెక్క పంచాయతీ గోడ మీద రాయాలి. ఎండిన బోరు ఒకటి ఎంచుకుని నెలనెలా తాడుతో నీటిమట్టం కొలిచి పక్కనే రాయాలి. మంచినీటి బోరు దగ్గర కొత్త బోరు పడకుండా కాలనీ వాళ్ళను కూడా కూర్చోబెట్టి తీర్మానం చేయాలి.

బోర్ల లెక్క నేను మొదలుపెట్టాను. మా వార్డు వరకు 61 తేలాయి, అందులో 24 ఎండినవి. ఒక్క చేలోనే ఐదు ఎండిన బోర్లున్నాయి. ఆ పెద్దాయన మొదట చెప్పనన్నాడు. “ఎందుకురా అబ్బాయ్, నలుగురూ నవ్వటానికా?” అన్నాడు. కాసేపయ్యాక తనే లేచి కర్రతో ఒక్కొక్కటీ చూపించాడు. మిగిలిన వార్డుల లెక్క ఎవరైనా రాసి తెస్తే సభ నాటికి ఊరంతటిదీ తయారవుతుంది.